గవర్నరు గారి సాక్షులు

గవర్నరు గారికి పొద్దున పూట పేపర్లు చదివి వినిపించడం నా పని. మా సెంట్-గెమ్ ఊళ్ళో నాకు చదువు చెప్పిన పంతులమ్మ నన్ను ఆయన దగ్గరికి పంపింది. "గొంతు చిన్నదే గానీ మాట మింగదు" అని నా గురించి చెప్పిందట. ఆ సంగతి చాలా రోజుల తర్వాత ఆయనే చెప్పి నవ్వారు. ఆఫ్రికా ఎండలకు ఆయన కళ్ళు పాడయ్యాయి. మనిషి ఆకారం తెలిసేది, గుమ్మం తెలిసేది, గ్లాసులో సారా ఎంతుందో బాగానే తెలిసేది. పేపరులో అక్షరాలు మాత్రం చీమలబారులా కదిలిపోయేవట.

ఇప్పుడు ఆ ఇంట్లో నోటరీ కుటుంబం ఉంటోంది. కిటికీ తలుపులకు ఆకుపచ్చ రంగు వేశారు. మోంబ్రెల్ సంతకు వచ్చినప్పుడు నేను చుట్టూ తిరిగైనా ఆ వీధిలోంచే వెళతాను. కింది గది కిటికీ తెరిచి ఉంటే కాస్త నిలబడతాను. కాఫీ వాసన వస్తుంది, కట్టెల పొగ వాసన వస్తుంది. కొత్త పేపరు వాసన రాదు.

ఆయన పేరు అనతోల్ కస్తెరా. పదవి దిగి ఊరికి వచ్చేశాక కూడా అందరూ గవర్నరు గారనే పిలిచేవాళ్ళు. ఆ పిలుపు ఆయనకు ఇష్టమనుకునేవాళ్ళు. నేను రోజూ ఎదురుగా కూర్చునేదాన్ని కాబట్టి నాకు వేరేలా కనిపించేది. గుర్రాలకు నాడాలు కొట్టే ముసలి మనిషి ఎవరో ఒకసారి సంతలో నోరు జారి "ఏమయ్యా, పత్రిక అనతోల్" అంటే ఆయన ఆ రోజంతా హుషారుగా ఉన్నారు. రాత్రి భోజనంలో బాతు కొవ్వుతో వండిన చిక్కుడుగింజలు రెండోసారి వడ్డించమన్నారు.

చదవడానికి ఒక వరస ఉండేది. ముందు పారిస్ పేపరు, తర్వాత తులూజ్ పేపరు. ఆ రెండూ ఆయన రాత్రి గౌనులోనే, కాఫీలో రొట్టె ముంచుకుంటూ వినేవారు. శనివారం మాత్రం అలా కాదు. శనివారం మోంబ్రెల్ వారపత్రిక 'కోడిపుంజు' వచ్చేది. నాలుగు పేజీలు. ఆ రోజు ఆయన ముందే గడ్డం గీసుకుని, కాలరు పెట్టుకుని, కుర్చీలో నిటారుగా కూర్చునేవారు. పేపరు నాకు ఇచ్చేముందు బొటనవేలితో రుద్ది చూసి, "ఆరకుండానే మడత పెట్టేస్తున్నాడు వాడు" అని గొణిగేవారు. గొర్రెల ధరలు, పెళ్ళి కబుర్లు, తప్పిపోయిన కుక్క ఆనవాళ్ళు, ఏదీ వదలకుండా చదవాలి. ఆఖరి ప్రకటన కూడా అయ్యాక "ఇంకేమీ లేదా?" అని అడిగేవారు. "ఇంతేనండీ" అనేదాన్ని. ప్రతి వారం అడిగేవారు. ముసలివాళ్ళకు కొన్ని ప్రశ్నలు అలవాటైపోతాయనుకున్నాను.

'వాడు' అంటే ఫిర్మేన్ లబోర్ద్. కోడిపుంజు ఆయనదే, దాన్ని అచ్చేసే ప్రెస్సూ ఆయనదే. ఒకప్పుడు ఇద్దరిదీ.

ఆ ఒకప్పటి గురించి గవర్నరు గారు ఎంత చెప్పినా అలిసేవారు కాదు. మేయరు భార్య వచ్చి సింహాల గురించి చెప్పమంటే, అవునమ్మా ఒకసారి గర్జన విన్నాను అని, అక్కడి నుంచి ప్రెస్సు కథలోకి దిగిపోయేవారు. ఇద్దరూ ఇరవై దాటీ దాటని వయసులో, మూతపడిన మఠం నుంచి పాత చేతి యంత్రం కొన్నారు. అది దశాబ్దాల తరబడి ప్రార్థనలు అచ్చేసిన యంత్రం. తమ చేతికి వచ్చాక నాస్తికురాలైపోయిందనేవారు. చలికాలంలో సీసపు అక్షరాలు వేళ్ళను కొరికేసేవట. అందుకని లబోర్ద్ చెల్లెలు జెలీ చెస్ట్‌నట్ కాయలు వేయించే చిల్లుల మూకుడులో అక్షరాలు పోసి, పొయ్యి మీద కాస్త వెచ్చబెట్టి ఇచ్చేది. ఒకసారి మూకుడులో కాయలు ఉన్నాయని చూసుకోలేదు. "ఆ వారం సంపాదకీయంలో పొట్టు వాసన వచ్చిందని పాఠకులు రాశారు" అని చెప్పి గవర్నరు గారు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేవారు. వ్యాసాలు ఈయన రాసేవారు, లబోర్ద్ కొట్టేసేవాడు. నాలుగు వాక్యాలు రాస్తే ఒకటి మిగిలేది. దానికి రోజూ పోట్లాట. పోట్లాడుకుంటూనే ఇద్దరూ ఒకే గిన్నెలో వెల్లుల్లి సూపు తాగేవారు.

ఆ పత్రిక వల్లే ఈయన పార్లమెంటుకు వెళ్ళారు. కంచర గాడిద మీద ఊరూరా తిరిగి, మా ప్రాంతపు గస్కోన్ యాసలోనే మాట్లాడి గెలిచారు. మా తాత కూడా ఈయనకే ఓటు వేశాడట. సముద్రాల అవతలికి మన పిల్లల్ని యుద్ధాలకు పంపొద్దు, అక్కడి వాళ్ళ నేల వాళ్ళకు వదిలేయండి అని కోడిపుంజు రాసేది. అదే మాట మీద ఓట్లు అడిగారు. పారిస్ వెళ్ళిన మూడో ఏడు, తూర్పున జరిగే యుద్ధానికి అనుకూలంగా చెయ్యెత్తారు.

ఇక్కడికి వచ్చేసరికి గవర్నరు గారి కథ ఆగిపోయేది. మిగతాది నాకు వంటమనిషి ఒక్తావీ చెప్పింది. ఊళ్ళో అందరికీ తెలిసినదే.

లబోర్ద్ మొదటి పేజీలో స్నేహితుడి గురించి రాశాడు. కలం అమ్ముకున్నవాడు అన్నాడు. ఆ రోజుల్లో పత్రికల వాళ్ళకు ఇలాంటి మాట పడితే ఒకటే దారి, ద్వంద్వయుద్ధం. కస్తెరా తన తరఫున మాట్లాడే ఇద్దరు సాక్షుల్ని పంపాడు. లబోర్ద్ తన ఇద్దరు సాక్షుల్ని పెట్టాడు. పిండిమర వెనక పచ్చిక మైదానంలో కత్తులతో తలపడ్డారు. లబోర్ద్ కుడి ముంజేతికి దెబ్బ తగిలింది, డాక్టరు ఆపించాడు. పద్ధతి ప్రకారం సాక్షులు రాజీ పడతారా అని అడగాలి, ఇద్దరూ చెయ్యి కలపాలి, దాంతో అంతా అయిపోతుంది. సాయంత్రానికి ఒకే బల్ల దగ్గర తాగుతారు. ఆ రోజు కస్తెరా చెయ్యి చాచాడు. లబోర్ద్ రక్తం కారే చేతిని వీపు వెనక పెట్టుకున్నాడు. 'ప్రత్యర్థులు రాజీ పడకుండానే విడిపోయారు' అని సాక్షులు రాసి పత్రికలకు ఇచ్చారు.

అలా విడిపోయినవాళ్ళు మళ్ళీ ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. ఎదురుపడితే టోపీ తీయకూడదు. మాట చేరాలంటే సాక్షులే మోయాలి. మోంబ్రెల్‌లో దొంగతనం చేసినవాణ్ణి క్షమిస్తారేమో గానీ ఈ పద్ధతి తప్పినవాణ్ణి క్షమించరు. ఆ తర్వాత కస్తెరాకు ప్రభుత్వం ముందు ఏదో దీవిలో పదవి ఇచ్చింది, ఆపైన ఆఫ్రికా తీరంలో గవర్నరుని చేసింది. భార్య అక్కడే జ్వరంతో పోయింది. ప్రభుత్వం గౌరవంగా ఇచ్చిన ఎర్ర రిబ్బను కోటుకు పెట్టుకుని ఒక్కరే తిరిగి వచ్చారు.

వచ్చాక కూడా ప్రెస్సు వీధిలోకి అడుగు పెట్టలేదు. సాయంత్రం షికారుకు నా చెయ్యి పట్టుకుని చర్చి గోడ వెంబడి చుట్టూ తిరిగి నదికి వెళ్ళేవారు. జీవితంలో చర్చి లోపలికి వెళ్ళని మనిషి. "గవర్నరు రోజూ నా గోడ నిమురుతున్నాడు, గోడకైనా మోక్షం వస్తుంది" అని ఫాదరీ గారు జోకు వేసేవారట.

ఆఫ్రికా గురించి ఆయన తనంతట తాను చెప్పింది ఒక్కసారే. ఆ వేసవిలో మా అమ్మ తేనె పంపితే ఆయన బల్ల మీద పెట్టాను. ఒక చెంచా నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. మోరిబా అని ఒక ఊరిపెద్ద ఉండేవాడు, నా వరండా మీదికి సొరకాయ బుర్రలో తేనె తెచ్చాడు అన్నారు. రేవు నుంచి కొండల దాకా రోడ్డు వేయిస్తున్న రోజులవి. నేను తర్వాతి మాట కోసం ఎదురుచూశాను. ఆయన చెంచా పక్కన పెట్టి, తులూజ్ పేపరు చదవమన్నారు.

అక్టోబరులో మేయరు దుబెర్నే ఒక శుభవార్త పట్టుకొచ్చాడు. సెంట్ మార్తేన్ జాతర రోజున సంత వీధికి గవర్నరు కస్తెరా వీధి అని పేరు పెడతారట. నీలం పలకకు తులూజ్‌లో అప్పుడే చెప్పేశారట. బ్యాండు వస్తుంది, జిల్లా అధికారి వస్తాడు. గవర్నరు గారు థాంక్స్ చెప్పారు. మేయరు వెళ్ళాక ఒక్తావీ, రొట్టెల దుకాణం ఉన్న వీధి ఇకపైన మన పేరు మీద ఉంటుందంటే అక్కడ అప్పు పెట్టడానికి సిగ్గేస్తుందేమో అంది. ఆయన నవ్వారు. సంతోషించారనే నాకు అనిపించింది. జీవితమంతా పనిచేసిన మనిషికి ఆ మాత్రం ఉండదా.

ఆ శనివారమే కోడిపుంజులో, మొదటి పేజీ కింద, నల్లగీతల మధ్య నాలుగు వరుసలు కనిపించాయి. చదివాను. పత్రిక యజమాని చెయ్యి ఇక పని చేయనందువల్ల సెంట్ మార్తేన్ జాతర రోజు సంచికతో పత్రిక ఆగిపోతుంది. యంత్రం, టైపు అమ్మకానికి ఉన్నాయి. యజమాని బోర్దోలో మేనల్లుడి దగ్గరికి వెళుతున్నాడు.

గవర్నరు గారు మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను. మిగతా పేజీలు అడగలేదు. కాసేపటికి, "నొయెమీ, పశువుల డాక్టరు పుజోస్‌ని పిలుచుకు రా" అన్నారు.

పుజోస్ గారు ఆ ద్వంద్వయుద్ధంలో గవర్నరు గారి సాక్షి. నలుగురు సాక్షుల్లో ఆయనొక్కడే మిగిలాడు. ఆవుల పురుళ్ళు పోస్తూ, తీరిక దొరికితే గౌరవ నియమాల పుస్తకం చదువుకునే మనిషి. నేను వెళ్ళేసరికి కొట్టంలో ఉన్నాడు. సంగతి వినగానే చేతులు కడుక్కుని, పొడవు టోపీ పెట్టుకుని వచ్చేశాడు. పాతికేళ్ళుగా ఈ పిలుపు కోసమే బతికి ఉన్నట్టు వచ్చాడు.

"వాడు వెళ్ళిపోయేలోగా చెయ్యి కలపాలి పుజోస్. బోర్దో వెళితే ఇంక తిరిగి రాడు. నేనూ ఎన్నాళ్ళో ఉండను" అన్నారు గవర్నరు గారు. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు.

"కలపొచ్చు. కానీ సాక్షులు ఇద్దరుండాలి. ఒక్కణ్ణే వెళితే అది కబురవుతుంది గానీ రాయబారం కాదు."

"రెండోవాడు చచ్చి పదేళ్ళయిందయ్యా."

"చావుకి నియమాల్లో మినహాయింపు లేదు." పుజోస్ గారు గది చుట్టూ చూశాడు. చూపు నా మీద ఆగింది. "ఈ పిల్లకి నోరు అదుపులో పెట్టుకోవడం తెలుసా?"

"నాకంటే బాగా తెలుసు" అన్నారు గవర్నరు గారు.

"మగవాళ్ళే ఉండాలని పుస్తకంలో ఎక్కడా లేదు. బహుశా రాసినవాడికి ఆ ఆలోచన రాలేదు. అది వాడి తప్పు. అమ్మాయ్, నల్ల గౌను ఉందా నీకు?"

ఉంది. మా నాయనమ్మ పోయినప్పుడు కుట్టించింది. అది వేసుకుని, పశువుల డాక్టరు గారి పక్కన ప్రెస్సు వీధిలో నడిచాను. గుమ్మాల్లో ఆడవాళ్ళు చేతిలో పని ఆపి చూశారు. ఎవరు పోయారు అని ఒకావిడ అడిగింది. ఇంకా ఎవరూ పోలేదు అన్నాడు పుజోస్ గారు.

ప్రెస్సు నేను ఊహించినదానికన్నా చిన్నది. అయినా అన్నీ తెలిసిన చోటికి వచ్చినట్టే ఉంది. మఠం యంత్రం అదే, పొయ్యి అదే. గోడకు చిల్లుల మూకుడు కూడా వేలాడుతోంది. లబోర్ద్ గారు పొట్టి మనిషి, తెల్ల మీసం. ఎడమ చేత్తో అక్షరాలు ఏరుతున్నారు. కుడిచేతి వేళ్ళు రెండు ముడుచుకుని అలాగే ఉన్నాయి. పొయ్యి దగ్గర జెలీ గారు మేజోడు అల్లుతున్నారు.

పుజోస్ గారు టోపీ తీసి, నియమాల పుస్తకంలోని వాక్యాలు మొత్తం అప్పజెప్పాడు. మా పక్షం వారు రాజీకి సిద్ధంగా ఉన్నారు, మీ పక్షం సాక్షుల్ని చెప్పండి అన్నాడు.

"నా సాక్షులిద్దరూ శ్మశానంలో ఉన్నారు. వెళ్ళి అడుగు" అన్నారు లబోర్ద్ గారు.

"ఒరేయ్ అన్నయ్యా, నేనున్నా కదా" అన్నారు జెలీ గారు, అల్లిక ఆపకుండా. "వాళ్ళు ఆడపిల్లని తెచ్చుకుంటే నేనెందుకు పనికిరాను? రెండో సాక్షిగా ఆ పొయ్యిని లెక్కెయ్యి. ఆ గొడవంతా విన్నది అదీ నేనే."

పుజోస్ గారు కొంచెం ఇబ్బందిపడి, సరే, పరిస్థితుల దృష్ట్యా అన్నాడు. లబోర్ద్ గారు చెయ్యి గుడ్డతో తుడుచుకుని నా వైపు తిరిగారు. నన్ను చూసి మాట్లాడటం మొదలుపెట్టారు, డాక్టరుని కాదు.

చేతి సంగతి ఎప్పుడో వదిలేశానని చెప్పారు. తిట్టింది తానే, కత్తి పట్టుకున్నదీ తానే, అది చెల్లిపోయింది. ఆయన మనసులో ఉన్నది వేరే. ఈ ఊరి సార్జంటు ఒకడు కస్తెరా వేయించిన రోడ్డు మీద కాపలా కాసి, జ్వరంతో తిరిగి వచ్చి, ఇదే పొయ్యి దగ్గర కూర్చుని అంతా చెప్పి, ఆ చలికాలంలోనే పోయాడు. లబోర్ద్ గారు ఒక్క అక్షరం అచ్చేయలేదు. చెయ్యి కలపని ప్రత్యర్థి మీద రాస్తే అది పగ తీర్చుకోవడం అవుతుంది, ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. అందుకే ఇన్నేళ్ళూ కస్తెరా పేరు కోడిపుంజులో రాలేదు. పొగడ్తా రాలేదు, తిట్టూ రాలేదు.

ప్రతి శనివారం గవర్నరు గారు దేని కోసం అడుగుతున్నారో నాకు అప్పుడు తెలిసింది.

"ఆఖరి సంచికలో మొదటి పేజీ ఒక కాలమ్ ఖాళీగా ఉంచాను" అన్నారు లబోర్ద్ గారు. "రోడ్డు గురించి వాణ్ణే రాయమను. కింద పేరు పెట్టమను. అప్పుడు చెయ్యి కలపడానికి మైదానానికి వస్తాను. లేకపోతే బోర్దోకి రైలెక్కుతాను."

దారిలో పుజోస్ గారు గొణుగుతూనే ఉన్నాడు. రాజీకి షరతు పెట్టడం ఏ నియమంలోనూ లేదన్నాడు. గవర్నరు గారికి మాత్రం సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకున్నారు. తర్వాత కాగితం తెచ్చుకోమన్నారు.

ఆయన చెబుతుంటే రాశాను. తీరానికీ లోపలి ప్రాంతాలకూ మధ్య రాకపోకల అవసరాన్ని గుర్తించి చేపట్టిన నిర్మాణం, వాతావరణ పరిస్థితులు అనుకూలించకపోయినా, సంతృప్తికరంగా పూర్తయింది. ఇలా మూడు పేజీలు. తిరిగి చదివి వినిపించాను. ఎలా ఉంది అని అడిగారు.

"ఇందులో మోరిబా లేడండీ" అన్నాను.

నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. ఆయన కోప్పడలేదు. ఇవాళ్టికి చాలు అన్నారు. మర్నాడు మళ్ళీ రాశాం. ఈసారి మోరిబా రెండో పేజీలో వచ్చి ఒక వాక్యంలో వెళ్ళిపోయాడు. దాన్ని ఆయనే చించమన్నారు. ఇన్నేళ్ళు రాసిన మనిషికి మాట దొరకడం లేదు. పారిస్ పేపరు, తులూజ్ పేపరు విప్పకుండానే బల్ల మీద పేరుకున్నాయి. ఒక్తావీ తెచ్చిన సూపు చల్లారిపోయేది.

ఒక ఉదయం నేను గదిలోకి రాగానే, నమస్తే కూడా చెప్పకుండా మొదలుపెట్టారు. నిద్రపోయినట్టు లేరు.

జొన్నలు చల్లే వారం అది. రోడ్డు పనిలో ఉన్న మగవాళ్ళను పదిహేను రోజులు ఇళ్ళకు పంపమని అడగడానికి మోరిబా నా వరండా మీదికి వచ్చాడు. విత్తనం పడకపోతే వచ్చే ఏడు తిండి ఉండదన్నాడు. మంత్రి రాబోతున్నాడు, ఆయన బండి కొండ దాకా వెళ్ళాలి. అందుకని నేను కుదరదన్నాను. అతను వెళ్ళిపోయాక అతను తెచ్చిన తేనె తిన్నాను. మంత్రి వచ్చి వెళ్ళాడు. ఆ వానాకాలం జ్వరాలు వచ్చాయి. మరుసటి ఏడు ఆ రోడ్డు పక్క ఊళ్ళల్లో పొగ లేచే ఇళ్ళు తక్కువ కనిపించాయి. మోరిబా ఊరు పూర్తిగా ఖాళీ అయింది. అతని కబురు కనుక్కోమని నేను ఎవరినీ పంపలేదు.

ఇంత సూటిగా చెప్పారు. ఆ తర్వాత, ఆ రోజుల్లో పారిస్ నుంచి వచ్చే ఒత్తిడి ఎలాంటిదో వివరిస్తూ, తాను ఒప్పుకోకపోతే ఇంకొకరు వచ్చి అంతకన్నా ఘోరం చేసేవారని ఒక పెద్ద పేరా చెప్పారు. అదీ రాశాను. తడుముకుంటూ కింద సంతకం పెట్టారు.

మేయరుకు ఈ సంగతి ఆయనే పిలిచి చెప్పారు. మేయరు కుర్చీలోంచి లేచి, కూర్చుని, మళ్ళీ లేచాడు. జాతర అయ్యేదాకా ఆగండి గవర్నరు గారూ, పలక వచ్చేసింది, మా ఇంట్లోనే ఉంది, మా ఆవిడ గుడ్డ కప్పి పెట్టింది అన్నాడు. జిల్లా అధికారి ఈ రాత చదివితే వీధి పేరు మాట దేవుడెరుగు, మీ రిబ్బను సంగతి ఆలోచించండి అన్నాడు. పాపం, చెడ్డవాడు కాదు.

"సంత వీధి అన్న పేరు బాగానే ఉంది దుబెర్నే. రొట్టె ఎక్కడ దొరుకుతుందో అందరికీ తెలుస్తుంది" అన్నారు గవర్నరు గారు.

ఆ కాగితాలు నేనూ పుజోస్ గారూ పట్టుకెళ్ళాం. లబోర్ద్ గారు కిటికీ దగ్గర నిలబడి చదివారు. మధ్యలో ఒకసారి ఆగి, కళ్ళద్దాలు తుడుచుకున్నారు. చివరి పేజీకి వచ్చాక ఎడమ చేత్తో పెన్సిలు తీసుకుని, పెద్ద పేరా మీద అడ్డంగా గీత కొట్టారు. మిగతాది వేస్తాను, ఇది వేయను అని చెప్పమన్నారు.

వచ్చి చెప్పాను. గవర్నరు గారి ముఖం ఎర్రబడింది. లేచి నిలబడ్డారు. టోపీ ఎక్కడ అన్నారు. ఇచ్చాను. కర్ర తీసుకుని తలుపు తీసుకుని బయటికి నడిచారు. చర్చి వైపు తిరగలేదు. తిన్నగా ప్రెస్సు వీధిలోకి నడిచారు, గోడ అంచున చేతి వేళ్ళు ఆనించుకుంటూ. దారి ఆయన కాళ్ళకు తెలుసు. వెనకాల నేను పరిగెత్తాను, నా వెనకాల పుజోస్ గారు పరిగెత్తాడు.

"గవర్నరు గారూ, మీరు ముందు మాట్లాడకూడదు. మైదానం ఇంకా నిర్ణయించలేదు" అని అరుస్తున్నాడు.

ఆయన ప్రెస్సు గుమ్మంలో ఆగి, లోపలి మసక ఆకారాల్లో సరైనదాని వైపే తిరిగారు.

"నా పేరా ఎందుకు కొట్టేశావురా?"

పాతికేళ్ళ తర్వాత వాళ్ళిద్దరి మధ్య మొదటి మాట అది.

"పొడుగైంది" అన్నారు లబోర్ద్ గారు. తల ఎత్తలేదు.

"అది నిజం. మంత్రి రోజూ తంతి కొట్టేవాడు. అబద్ధమంటావా?"

"అననురా. నువ్వు చెప్పినట్టే జరిగుంటుంది. కానీ మోరిబా వచ్చింది మంత్రి దగ్గరికి కాదు. తేనె తెచ్చింది నీకు."

జెలీ గారు అల్లిక ఒళ్ళో పెట్టుకున్నారు. పుజోస్ గారు నా పక్కన ఆయాసపడుతూ నిలబడ్డాడు. గవర్నరు గారి పెదవులు కదులుతున్నాయి. ఆ పేరాను మనసులో మళ్ళీ చదువుకుంటున్నారేమో. కర్ర మీద రెండు చేతులూ పెట్టి తల వంచుకున్నారు.

"తీసెయ్" అన్నారు.

"తీసేశాను."

"రెండో పేజీలో వరండా వర్ణన కూడా తీసెయ్. దానికీ మోరిబాకీ సంబంధం లేదు."

"అది ఉండనీ. వాడు ఎక్కడ నిలబడ్డాడో జనానికి కనబడాలి."

"అక్కర్లేదంటున్నా కదా."

"రాసినవాడివి నువ్వు, కొట్టేసేవాణ్ణి నేను. మొదటి నుంచీ ఒప్పందం అది" అన్నారు లబోర్ద్ గారు. "తలుపెయ్యి, చలి గాలి. కూర్చో."

ఆ సంచిక బయటికి వచ్చాక ఏమైందో మోంబ్రెల్ వాళ్ళకు చెప్పనక్కర్లేదు. బ్యాండు వాయించింది గానీ వీధి పేరు ఎవరూ ఎత్తలేదు. జిల్లా అధికారికి జలుబు చేసింది. కాఫీ హోటల్లో కొందరు కుర్చీలు అటు తిప్పుకున్నారు. తులూజ్ పేపరు ఆయన్ని దేశద్రోహి అంది. దాన్ని నేనే చదివి వినిపించాను, రాసినవాడు వాక్యం బాగా కట్టాడు అన్నారు గవర్నరు గారు. ఇద్దరు ముగ్గురు రైతులు మాత్రం కొండ ఊళ్ళ నుంచి దిగి వచ్చి, గుమ్మంలో నిలబడి, ఏమీ చెప్పకుండా టోపీలు తీసి వెళ్ళారు. లబోర్ద్ గారు చెల్లెలితో బోర్దో వెళ్ళారు. ఆ తర్వాతి వసంతంలో గవర్నరు గారు నిద్రలోనే పోయారు. ఫాదరీ గారు లేకుండా, ఆయన కోరినట్టే ఖననం జరిగింది. జెలీ గారు బోర్దో నుంచి వచ్చారు. అన్నయ్య ప్రయాణం చేయలేడని చెప్పారు.

కానీ నాకు ఎక్కువగా గుర్తొచ్చేది జాతర ముందురోజు మధ్యాహ్నం. ప్రెస్సులో యంత్రం తిరుగుతోంది. చక్రం నేను తిప్పుతున్నాను, భుజాలు లాగేస్తున్నాయి. లబోర్ద్ గారు కాగితం పెడుతున్నారు. గవర్నరు గారు కోటు విప్పి, చొక్కా చేతులు మడిచి, పీట మీద కూర్చున్నారు. వరండా గురించి ఇద్దరూ ఇంకా తగువాడుకుంటూనే ఉన్నారు, అది అప్పటికే అచ్చయిపోయినా. మధ్యలో ఎప్పుడో తగువు కంచర గాడిద మీదికి మళ్ళింది. దాని పేరు ఏమిటో ఇద్దరికీ కలవడం లేదు.

పుజోస్ గారు పొడవు టోపీ ఒళ్ళో పెట్టుకుని పొయ్యి పక్కన కూర్చున్నాడు. జెలీ గారు ఇచ్చిన సూపు రెండు గిన్నెలు తాగేశాడు. అయినా ముఖం తేటపడలేదు.

"ఇద్దరూ ఇంతవరకూ చెయ్యి కలపలేదు" అన్నాడు నాతో మెల్లగా. "నియమం ప్రకారం ఇంకా శత్రువులే. నేను ఏమని రాయాలి?"

లబోర్ద్ గారు అచ్చయిన కాగితాల కట్ట ఒకటి తెచ్చి గవర్నరు గారి ఒళ్ళో పడేసి, ఖాళీగా కూర్చుని కబుర్లు చెప్పకు, మడత పెట్టు అన్నారు. ఆరలేదురా ఇంకా అన్నారు గవర్నరు గారు. అయినా మడత పెట్టడం మొదలుపెట్టారు. అంచులు కనబడక ఒక్కటీ తిన్నగా రాలేదు. జెలీ గారు ఆయన పక్కకు పీట జరుపుకుని, ఆయన కింద పెట్టిన ప్రతి పేపరునూ చప్పుడు కాకుండా విప్పి, మళ్ళీ మడిచి, దొంతరలో పెడుతూ వచ్చారు.